ఒరవడి దిద్దిన చేతులు

మన పాఠశాలలలో అక్షరం మూడు మెట్లెక్కి చేతికి వస్తుంది. మొదట గురువు పలకమీద పెద్ద అక్షరం వ్రాసి ఇస్తాడు. బాలుడు ఆ గీతమీదనే బలపం పెట్టి మరల మరల దిద్దుతాడు. అక్షరం కొంత పట్టుబడిన తరువాత చూచివ్రాత మొదలవుతుంది. పై వరుసలోని ఒరవడిని చూచి, క్రింది వరుసలలో దానికి తీసిపోకుండా వ్రాయాలి. ఏండ్లు గడిచిన పిదప, ఎప్పుడు ఏర్పడిందో ఎవరికీ తెలియకుండానే, ఆ బాలునికి తనదంటూ ఒక దస్తూరి ఏర్పడుతుంది. ఆ దస్తూరిని చూచి, పేరు లేకున్నా ఇది ఫలానావాని వ్రాత అని తోటివారు గుర్తుపట్టగలరు.

దిద్దడం, చూచి వ్రాయడం, సొంతంగా వ్రాయడం అనే ఈ మూడు మెట్లే అయిదారు వందల ఏండ్లనాడు ఐరోపాలో చిత్రకళాభ్యాసానికి సోపానాలయ్యాయి. చరిత్రకారులు సాంస్కృతిక పునరుజ్జీవన యుగమని పిలిచే 15, 16వ శతాబ్దులలో, ఇటలీ, జర్మనీ దేశాల చిత్రశాలలలో శిష్యులు గొప్ప గురువుల అచ్చుబొమ్మలను ముందు పెట్టుకొని కలంతో నకళ్లు వేసేవారు. అటువంటి కాగితాలు నేటికీ ఐరోపా, అమెరికా వస్తుప్రదర్శనశాలలలో ఉన్నాయి. వాటిలో చాలావాటిపై వేసినవాని పేరు లేదు. చాలాకాలం వాటిని నకళ్లు గదా అని పక్కన పెట్టినవారే ఎక్కువ. కాని విద్య అనేది ఒక చేతినుండి మరొక చేతికి ఎట్లా సంక్రమిస్తుందో తెలుసుకొనదలచినవారికి అంతకంటె విలువైన సాక్ష్యం మరొకటి లేదు. ఆ నకళ్ల కథ ఐరోపాలోనే ముగియలేదు. సముద్రాలు దాటి మొగలు దర్బారుకూ, తెలుగుతీరాన బందరు దాకా ఆ సంప్రదాయపు జాడలు విస్తరించాయి.

రాగిరేకు మీద గంటం

ముందుగా ఈ అచ్చుబొమ్మ ఎట్లా తయారయ్యేదో తెలుసుకొనడం అవసరం. తాళపత్ర గ్రంథాలను చూచినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. తాటాకుమీద లేఖకుడు గంటంతో అక్షరాలను గీరుతాడు. అప్పుడు అవి స్పష్టంగా కనిపించవు. ఆకుమీద మసి పూసి తుడిచినప్పుడు, గీరిన చారలలో నల్లని మసి నిలిచి అక్షరాలు ప్రత్యక్షమవుతాయి. ఒడిశా చిత్రకారులు ఈ పద్ధతిలోనే తాటాకులమీద పురాణగాథలను బొమ్మలుగా చెక్కారు.

ఐరోపావారి తామ్రముద్రణ కూడ ఇటువంటిదే. నునుపు చేసిన రాగిరేకుమీద పదునైన ఉక్కు పనిముట్టుతో గీతలు చెక్కుతారు. రేకంతటా సిరా పూసి, పైపైన ఉన్నది తుడిచివేస్తారు. గీతల లోతులలోని సిరా మాత్రం మిగులుతుంది. తడిపిన కాగితాన్ని ఆ రేకుమీద పరచి, రెండు రూళ్ల నడుమ గట్టిగా ఒత్తితే, సిరా కాగితానికి ఎక్కుతుంది. బొమ్మ కుడియెడమలు తారుమారై పడుతుంది. తాటాకు ఒక్క ప్రతినే ఇస్తుంది. రాగిరేకు వందల ప్రతులను ఇస్తుంది. రెంటికీ గల ముఖ్యమైన భేదం ఇదే.

ఈ విద్య 15వ శతాబ్ది ప్రథమార్ధంలో జర్మన్ భాషా ప్రాంతాలలో వృద్ధి చెందింది. దీనికి మూలం కంసాలిపని. లోహంమీద నగిషీ చెక్కే చేతులే రాగిరేకుమీద బొమ్మలు చెక్కాయి. కొల్మార్ పట్టణానికి చెందిన మార్టిన్ షోన్‌గావర్, న్యూరెంబర్గ్ నగరవాసి ఆల్బ్రెక్ట్ డ్యూరర్ ఇరువురూ స్వర్ణకారుల కుమారులు. డ్యూరర్ అచ్చుబొమ్మలను ఆయన భార్య ఆగ్నెస్ ఫ్రాంక్‌ఫర్ట్ సంతకు తీసికొనిపోయి అమ్మేది. ఒక దేవాలయపు గోడమీది చిత్రాన్ని చూడాలంటే ఆ ఊరికి పోవలసిందే. అచ్చుబొమ్మ ఐతే సంచిలో పడి, గుఱ్ఱంమీదా ఓడమీదా ఊళ్లు తిరిగి, శిష్యుని బల్లమీదికే వచ్చి చేరుతుంది. గురువు ముఖం ఎన్నడూ చూడని బాలునికి కూడ ఆ గురువు గీత ఒరవడి అయినది ఈ కారణం వల్లనే.

చిత్రశాలలో శిష్యరికం

ఇటాలియన్లు చిత్రశాలను బొత్తేగ అనేవారు. ఆ మాటకు అంగడి అని అర్థం. అక్కడ చిత్రకారుడు గుడి గోడలకు, ధనికుల గృహాలకు బొమ్మలు వేసి అమ్మేవాడు. పది పన్నెండేండ్ల బాలురు ఒప్పందంమీద అతని వద్ద చేరేవారు. రంగులు నూరడం, పలకలు నునుపు చేయడం, జిగురు కాయడం వారి పనులు. అందులోనే చదువు కూడ సాగేది.

చెన్నీనో చెన్నీని అనే చిత్రకారుడు 1400 ప్రాంతంలో చిత్రకళాపద్ధతులను గురించి ఒక గ్రంథం వ్రాశాడు. శిష్యుడు మొదట ఒక ఏడాది చిన్న చెక్కపలకమీద గీతలు గీయడం అభ్యసించాలనీ, పిదప ఆరేండ్లు చిత్రశాలలోని పనులన్నీ నేర్వాలనీ, మరి ఆరేండ్లు రంగులు వేయడం సాధన చేయాలనీ, పండుగలనక పనిదినాలనక గీత మానరాదనీ ఆయన బోధించాడు. నేడు ఒకరిని, రేపు ఒకరిని అనుకరిస్తే ఎవరి పద్ధతీ పట్టుబడదనీ, ఒక మంచి గురువును ఎన్నుకొని ఆయననే అనుసరించాలనీ, అప్పుడు బుద్ధి గలవాడైతే తన పద్ధతి తనకే దొరుకుతుందనీ ఆయన అభిప్రాయం. పలకమీద దిద్దించే మన గురువులు దీనితో ఏకీభవించక తప్పదు.

పాదువా నగరంలో ఫ్రాంచెస్కో స్క్వార్చోనె అనే ఆయన మొదట దర్జీపని, కుట్టుపని చేసినవాడు. చిత్రకారునిగా కంటె ఉపాధ్యాయునిగా ఆయన పేరు నిలిచింది. ఆయన వద్ద ప్రాచీన విగ్రహాల అచ్చులు, ఎందరో చిత్రకారుల గీతలు పోగుపడి ఉండేవి. 1467లో ఒక చిత్రకారుడు తన కుమారుని ఆయన వద్ద చేర్చుతూ చేసికొన్న ఒప్పందం నేటికీ లభ్యమవుతున్నది. దాని ప్రకారం గురువు బాలునికి దూరాన్ని బట్టి నేలచదరాలు ఎట్లా కుదించుకొనిపోతాయో నేర్పాలి. నమూనా బొమ్మలను ఒకదాని తరువాత ఒకటిగా చేతికి ఇవ్వాలి. వాడు వేసినదానిలోని తప్పులను తాను దిద్దాలి. నకలు వేయించడంతో గురువు బాధ్యత తీరదన్న మాట. దిద్దేవాడు లేనప్పుడు నకలు కేవలం వెట్టిచాకిరి అవుతుంది.

ఆ భయం కల్పితం కాదు. స్క్వార్చోనె శిష్యులలో అగ్రగణ్యుడైన ఆండ్రియా మాంటెన్యాను ఆయన పెంపుడు కుమారునిగా స్వీకరించాడు. ఆరేండ్లపాటు ఆ బాలుని కష్టఫలాన్ని గురువే అనుభవించాడన్న వివాదం ఏర్పడింది. 1456లో వెనిస్ న్యాయస్థానం, మైనరుగా ఉన్నప్పుడు చేయించిన ఒప్పందం చెల్లదని మాంటెన్యాకు అనుకూలంగా తీర్పు చెప్పింది. ఒరవడి ఇచ్చిన గురువుకు శిష్యుని చేతిపై ఎంతవరకు హక్కు ఉన్నది అన్న ప్రశ్న ఆనాడే న్యాయస్థానం గడప ఎక్కినది.

గురువులైన శిష్యులు

నకలు వేసినవారందరూ అనామకులే అనుకొనరాదు. ఈనాడు మహామహులుగా కీర్తింపబడేవారు కూడ ఆ బల్లమీద కూర్చున్నవారే.

1475లో పుట్టిన మైకెలాంజిలో ఫ్లారెన్సులో గిర్లాండయో చిత్రశాలలో శిష్యుడుగా ఉన్నాడు. బాల్యంలోనే ఆయన షోన్‌గావర్ చెక్కిన ఒక అచ్చుబొమ్మను అనుకరించాడని ఆయన జీవితచరిత్రకారులు వాసారి, కొండివి ఇరువురూ వ్రాశారు. ఆ బొమ్మలో ఆంతోనీ అనే సాధువును వికృతరూపులైన దయ్యాలు గాలిలోకి ఎత్తి హింసిస్తుంటాయి. ఆ దయ్యాలకు పొలుసులకు, రెక్కలకు రంగులు వేయవలసి వచ్చినప్పుడు, బాలుడైన మైకెలాంజిలో చేపల అంగడికి పోయి, చేపల కండ్లను, రెక్కలను పరిశీలించి వచ్చాడట. ఆయనదేనని పెక్కుమంది పండితులు భావించే ఆ చిత్రఫలకం నేడు అమెరికాలోని ఫోర్ట్‌వర్త్ నగరంలో కింబెల్ ప్రదర్శనశాలలో ఉన్నది. అచ్చుబొమ్మ నలుపు తెలుపు మాత్రమే. రంగు అందులో లేదు. లేనిదానికొరకు ఆ బాలుడు ఒరవడిని వదలి ప్రకృతి వద్దకు పోయినాడు. చూచివ్రాతలో సొంతవ్రాత మొలకెత్తిన తావు ఇదే.

డ్యూరర్ కథ ఇంతకంటె విశదమైనది. ఆయన 1486 నుండి మూడేండ్లు న్యూరెంబర్గులో మైకేల్ వోల్గెమూట్ వద్ద శిష్యరికం చేశాడు. తరువాత షోన్‌గావర్ వద్ద విద్య నేర్వాలని 1492లో కొల్మార్ చేరేసరికి ఆ మహనీయుడు అంతకుముందు ఏడే కన్నుమూసి ఉన్నాడు. గురువు లేడు, ఆయన గీతలు మాత్రం మిగిలాయి. రెండేండ్ల తరువాత, 1494లో, మాంటెన్యా చెక్కిన రెండు అచ్చుబొమ్మలకు డ్యూరర్ కలంతో నకళ్లు వేశాడు. ఒకటి సముద్రదేవతల యుద్ధం, మరొకటి మద్యోత్సవం. ఈ రెండు కాగితాలు వియన్నా నగరంలోని ఆల్బెర్టీనా ప్రదర్శనశాలలో ఉన్నాయి.

వీటిని మూలంతో పోల్చి చూచినవారికి ఒక విశేషం కనిపిస్తుంది. మనుష్యాకారాల వెలిగీతలు మాంటెన్యావే. మూలంపై కాగితం ఉంచి దిద్దినంత కచ్చితంగా అవి సరిపోతాయి. కాని ఆ గీతల లోపల నీడను చూపే సన్నగీతలు వేరు. మాంటెన్యా నీడగీతలను తిన్నగా, ఒకదాని పక్కన ఒకటిగా, ఏటవాలుగా గీశాడు. డ్యూరర్ వాటిని కండరాల ఒంపు ననుసరించి వంచి, ఒకదానిపై ఒకటి అడ్డంగా పోనిచ్చాడు. వెలిగీత దిద్దుబాటు, లోగీత సొంత దస్తూరి. మూడు మెట్లూ ఒకే కాగితంమీద ఉన్నాయి. అప్పటికి ఆయన వయస్సు ఇరువది మూడు.

తాను గురువైన తరువాత డ్యూరర్ ఈ అనుభవాన్ని మరువలేదు. చిత్రకళ నేర్చే బాలురకొరకు ఒక గ్రంథం వ్రాయ సంకల్పించి, చిత్తుప్రతులు సిద్ధం చేసికొన్నాడు. మంచి పనివారి కళను శిష్యుడు మొదట విస్తారంగా నకలు వేయాలనీ, తన చేతికి స్వేచ్ఛ లభించేంతవరకు అది సాగాలనీ ఆయన అందులో సూచించాడు. ఆయన దృష్టిలో నకలుకు ఒక గమ్యం ఉన్నది, ఆ గమ్యం స్వేచ్ఛ.

నకళ్లను చదివే తీరు

డ్యూరర్ చిత్రశాలలో హాన్స్ బాల్డుంగ్, హాన్స్ షోయ్‌ఫెలైన్, హాన్స్ ఫన్ కుల్మ్‌బాఖ్ వంటివారు పనిచేసి, తరువాత స్వతంత్రంగా ప్రసిద్ధికెక్కారు. వారి వంటివారు, వారికంటె చిన్నవారు, ఇతర నగరాలలో డ్యూరరును ఎన్నడూ చూడనివారు ఆయన అచ్చుబొమ్మలకు వేసిన నకళ్లు పెక్కు ఉన్నాయి. వాటిని పండితులు పరీక్షించే పద్ధతి ఆసక్తికరమైనది.

మొదటిది, దిక్కు. అచ్చులో బొమ్మ తారుమారవుతుందని పైన చెప్పుకొన్నాము. గురువు రేకు చెక్కడానికి ముందు వేసికొన్న చిత్తుబొమ్మ అచ్చుకు ఎదురుదిక్కుగా ఉంటుంది. శిష్యుడు అచ్చును చూచి వేసినది సాధారణంగా అచ్చుదిక్కుగానే ఉంటుంది. రెండవది, గీత వేగం. తన మనస్సులోని ఆకారాన్ని గీసేవాని కలం చకచక సాగుతుంది. ఒరవడిని చూచి గీసేవాడు మాటిమాటికి తల ఎత్తి చూస్తాడు కావున కలం ఆగి ఆగి నడుస్తుంది. ఆగినచోట సిరా చిక్కబడుతుంది. మూడవది, ఎన్నిక. శిష్యుడు బొమ్మ మొత్తాన్ని గాక, తనకు కష్టమైన భాగాన్నే ఎత్తుకొంటాడు. ఒక చేయి, ఒక వస్త్రపు మడత, ఒక గుఱ్ఱం కాలు మాత్రమే ఉన్న కాగితాలు కనిపిస్తాయి. నాలుగవది, కాగితం. వెలుగుకు ఎత్తిపట్టినప్పుడు కనిపించే నీటిముద్రను బట్టి అది ఏ ప్రాంతపుదో, ఏ కాలపుదో ఊహింపవచ్చును.

ఇక పేరు సంగతి. డ్యూరర్ తన పేరులోని రెండు మొదటి అక్షరాలను ఒకదానిలో ఒకటి పొదిగి ముద్రగా వాడేవాడు. శిష్యులు వేసిన పెక్కు కాగితాలమీద తరువాతి కాలపువారు ఆ ముద్రను చేర్చారు. గురువు పేరు ఉంటే ధర పలుకుతుంది గదా! ఆ విధంగా కష్టపడి గీత నేర్చిన బాలుని పేరు శాశ్వతంగా మరుగుపడింది.

నకలా, చౌర్యమా?

చూచివ్రాతకు, పరీక్షలో పక్కవాని కాగితం చూచి వ్రాయడానికి గల భేదం పిల్లలకు కూడ తెలుసును. చేతిపని ఒకటే, ఉద్దేశం వేరు. ఈ భేదాన్ని గురించిన తొలి ప్రసిద్ధ వివాదం కూడ డ్యూరర్ బొమ్మల చుట్టూనే నడిచింది.

డ్యూరర్ మేరీమాత జీవితగాథను కొయ్యదిమ్మలపై చెక్కించి అచ్చువేయించాడు. మార్కంటోనియో రైమొందీ అనే ఇటాలియన్ చెక్కుడు పనివాడు వాటిని గీతకు గీతగా రాగిరేకులమీదికి ఎత్తి, డ్యూరర్ ముద్రతో సహా అచ్చువేశాడు. కొయ్యదిమ్మలోని లావుగీతను రాగిరేకుమీద అంత నమ్మకంగా అనుకరించడం సామాన్యమైన నేర్పు కాదు. డ్యూరర్ వెనిస్ ప్రభుత్వానికి మొరపెట్టుకొన్నాడనీ, ఆ ముద్రను ఇకమీదట వాడరాదని మాత్రమే తీర్పు లభించిందనీ వాసారి వ్రాశాడు. 1511లో డ్యూరర్ ఆ బొమ్మలను పుస్తకంగా ప్రకటిస్తూ, పరుల శ్రమను దొంగిలించేవారిని తీవ్రంగా హెచ్చరించి, మాక్సిమిలియన్ చక్రవర్తి ఇచ్చిన రక్షణను చాటాడు. 1512లో న్యూరెంబర్గ్ నగరసభ కూడ ఆయన ముద్రను దొంగగా వేసి బొమ్మలమ్ముతున్న ఒక పరదేశిని అడ్డుకొన్నది. ఆనాటి పెద్దలు బొమ్మను అనుకరించడాన్ని నిషేధింపలేదు. పేరును అపహరించడాన్నే తప్పుగా ఎంచారు.

మరొక ప్రమాదం కూడ ఉన్నది. 1523లో ఫ్లారెన్సులో అంటువ్యాధి భయంతో పొంటోర్మో అనే ప్రతిభావంతుడు నగరం వెలుపలి ఒక మఠానికి పోయి అక్కడ గోడచిత్రాలు వేశాడు. అప్పటికి డ్యూరర్ అచ్చుబొమ్మలు ఇటలీ అంతటా వ్యాపించి ఉన్నాయి. పొంటోర్మో వాటికి దాసుడైనాడని వాసారి చింతించాడు. కల్పనను గ్రహించడం తప్పు కాదనీ, తన సహజమైన సొగసును పోగొట్టుకొని, ముఖాలు, వస్త్రాలు, నిలుచున్న తీరు అన్నీ పరాయివిగా చేసికొనడమే పొరపాటనీ ఆయన తాత్పర్యం. ఈ విమర్శ న్యాయమైనదా అన్న విషయంలో నేటి విమర్శకులు ఏకాభిప్రాయంతో లేరు. కాని గురువును విడిచిపెట్టవలసిన సమయం ఒకటి ఉంటుందన్న హెచ్చరిక మాత్రం విలువైనది.

పదమూడవ యేట ఒక బాలుడు

ఐరోపా అచ్చుబొమ్మలు మన దేశానికి వర్తకులతోను, పాదరీలతోను వచ్చాయి. 1580లో గోవానుండి అక్బరు దర్బారుకు పోయిన జెస్యూట్ పాదరీలు ఆంట్వెర్ప్ నగరంలో అచ్చయిన బహుభాషా బైబిలు సంపుటాలను చక్రవర్తికి సమర్పించారు. వాటిలోని బొమ్మలను, విడిగా వచ్చిన ఇతర బొమ్మలను అక్బరు తన చిత్రకారులకు ఇచ్చి నకళ్లు వేయించాడు. అబుల్ ఫజల్ తన అయినీ అక్బరీలో పేర్కొన్న చిత్రకారులలో కేసు అనే హిందువు ఒకడు. కేశవదాసు అని కూడ పిలువబడే ఇతడు 1588లో ఒక ఐరోపా అచ్చుబొమ్మను ఆధారం చేసికొని మత్తయి అనే సువార్తికుని చిత్రించాడు. ఆ చిత్రం ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉన్నది.

అన్నిటిలోను హృదయాన్ని కదిలించేది అదే నగరంలోని ఆష్మోలియన్ ప్రదర్శనశాలలో ఉన్న ఒక చిన్న బొమ్మ. డ్యూరర్ 1511లో క్రీస్తు శిలువ దృశ్యాన్ని ఒక చిన్న రాగిరేకుపై చెక్కాడు. ఆ రేకు అరచేతిలో ఇమిడేటంత చిన్నది. అందులో శిలువ పక్కన శిష్యుడైన యోహాను చేతులు బిగించుకొని దుఃఖంతో నిలిచి ఉంటాడు. 1600వ సంవత్సరంలో, యువరాజు సలీం కొలువులో ఉన్న ఆకా రిజా అనే పారశీక చిత్రకారుని కుమారుడు అబుల్ హసన్, ఆ యోహానును మాత్రమే ఎత్తి చిత్రించాడు. ఇది తన పదమూడవ యేట చేసినదని ఆ బాలుడు పారశీకంలో దానిమీద వ్రాసికొన్నాడు.

శిలువను, చుట్టూ ఉన్న జనాన్ని వదలి, ఒక్క మనిషి దుఃఖాన్ని మాత్రమే ఎన్నుకొనడం ఆ బాలుని సొంత నిర్ణయం. న్యూరెంబర్గులో డ్యూరర్ బల్లమీది శిష్యుడు ఒక చేతినో, ఒక మడతనో ఎన్నుకొన్నట్లే ఇతడూ ఎన్నుకొన్నాడు. ఇద్దరి నడుమ వేల మైళ్ల దూరం, తొంబదేండ్ల కాలం ఉన్నా చదువు మాత్రం ఒక్కటే. ఐతే న్యూరెంబర్గు బాలుని పేరు పోయినది, అబుల్ హసన్ పేరు నిలిచింది. సలీం జహంగీరు చక్రవర్తియైన తరువాత, 1618లో, ఈ అబుల్ హసనుకే నాదిరుజ్జమాన్, అనగా యుగానికి అద్భుతమైనవాడు, అనే బిరుదు ఇచ్చాడు.

ఆ దర్బారులో నకలువిద్య ఎంతటి పరిపక్వత చెందినదో ఇంగ్లండు రాయబారి సర్ థామస్ రో వ్రాసికొన్న దినచర్య వలన తెలుస్తుంది. 1616లో ఆయన ఒక ఆంగ్ల చిత్రాన్ని జహంగీరుకు చూపించాడు. చక్రవర్తి తన చిత్రకారులచేత నకళ్లు వేయించి, ఆరు చిత్రాలను దీపపు వెలుగులో ఒకచోట పరచి, నీది ఏదో చెప్పుమన్నాడు. తన చిత్రాన్ని పోల్చుకొనడానికి రోకు కొంత కష్టమే ఐనది.

బందరు బట్టమీద బొగ్గుపొడి

మొగలు దర్బారులో కాగితంమీద జరిగినది తెలుగుతీరంలో బట్టమీద జరిగింది. గోలకొండ కుతుబ్‌షాహీల ఏలుబడిలో మచిలీపట్నం ప్రధానమైన రేవు. 17వ శతాబ్ది తొలి దశకంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు అక్కడికి వచ్చి వర్తకస్థావరాలు ఏర్పరచుకొన్నారు. కోరమండల్ తీరపు కలంకారీ బట్టలు ఓడలకెక్కి పారశీకానికి, తూర్పు దీవులకు, ఐరోపాకు పోయాయి. ఆ శతాబ్ది పూర్వభాగంలో తయారైన ఒక పెద్ద కలంకారీ తెర ఏడు భాగాలుగా న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ ప్రదర్శనశాలలో ఉన్నది. దానిమీద పలు దేశాల మనుష్యులు తమ తమ వేషాలలో నిలిచి ఉన్నారు. టోపీలు ధరించిన ఐరోపావారు కూడ అందులో ఉన్నారు.

దేశదేశాల వర్తకులు కోరిన నమూనాలను మన అద్దకపువారు బట్టమీదికి ఎట్లా ఎక్కించేవారు? దీనికి సమాధానం గాస్టన్ కోర్డూ అనే ఫ్రెంచి పాదరీ 1742లో వ్రాసిన లేఖలో ఉన్నది. ఈయన తెలుగు నేర్చి తెలుగు నిఘంటువు కూర్చినవాడు. ఆ పని తెలిసినవారిని అడిగి తెలుసుకొని, బట్టను కరక్కాయ, గేదెపాలతో సిద్ధం చేయడం మొదలుకొని సమస్తం ఆయన వివరించాడు. కాగితంమీది బొమ్మ గీతల వెంబడి సన్నని సూదితో చిల్లులు పొడుస్తారు. ఆ కాగితాన్ని బట్టమీద పరచి, పలుచని గుడ్డలో మూటకట్టిన బొగ్గుపొడిని దానిమీద అద్దుతారు. చిల్లులగుండా పొడి రాలి, బట్టమీద చుక్కల రేఖ ఏర్పడుతుంది. ఆ చుక్కలను కలుపుతూ పనివాడు కలంతో గీత గీస్తాడు.

ఇటలీ చిత్రశాలలలో గురువు గీసిన పెద్ద బొమ్మను గోడమీదికి ఎక్కించడానికి శిష్యులు చేసినది సరిగా ఇదే. దానిని వారు స్పోల్వెరో అన్నారు. ఆ మాట ధూళి అనే అర్థంగల పదం నుండి పుట్టింది. చెన్నీని కూడ వస్త్రాలమీది పూలనమూనాలకు ఈ పద్ధతిని చెప్పి ఉన్నాడు. ఎవరు ఎవరినుండి నేర్చారన్న తర్కంకంటె, ఒకే అవసరం రెండు సీమలలోను ఒకే ఉపాయాన్ని చూపినదన్న సత్యం మనకు ముఖ్యం. చిల్లులకాగితం ఒరవడినే ఇస్తుంది. చుక్కకు చుక్కకు నడుమ గీత ఎంత బలంగా, ఎంత ఒంపుగా పోవాలో చేయే నిర్ణయించాలి. అందువల్లనే ఒకే కాగితంతో అద్దిన రెండు బట్టలు ఒక్కలాగు ఉండవు. శ్రీకాళహస్తి కలంకారీలో ఈ చిల్లులకాగితం కూడ లేదు. గురువు గీస్తుండగా చూచి చూచి, శిష్యుడు బొగ్గుపుల్లతో తిన్నగా బట్టమీదనే గీత దించుతాడు.

మన కొండల నడుమ

ఈ కథకు కోరాపుట్ కొండలతో సంబంధం లేదనుకొనరాదు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడేవరకు ఈ సీమ మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలో భాగం. తెలుగు, ఒడియా లేఖకుల గంటాలు ఇక్కడ పక్కపక్కనే నడిచాయి. ఇప్పటి రాయగడ జిల్లా గుణుపురం పరిసరాలలో సవరలు ఎఱ్ఱమట్టి అలికిన ఇంటిగోడలమీద బియ్యపుపిండితో ఇడితాల్ అనే చిత్రాలు వేస్తారు. పితృదేవతలకు, ఇతర దేవతలకు అవి నివాసాలని వారి విశ్వాసం. వెరియర్ ఎల్విన్ 1955లో ప్రకటించిన గ్రంథంలో వీటిని వివరించాడు. ఇక్కడ అచ్చుబొమ్మ లేదు, చిల్లులకాగితం లేదు. పెద్దల గోడే పిల్లలకు ఒరవడి.

దామంజోడి పేరు వినగానే ఎవరికైనా స్ఫురించేది అల్యూమినా. 1981లో స్థాపితమైన నాల్కో సంస్థ పంచపట్మాలి కొండమీది బాక్సైటును ఇక్కడ శుద్ధి చేస్తుంది. అల్యూమినా అనే పేరు పటికకు లాటిను భాషలో గల అలూమెన్ అనే పేరునుండి పుట్టింది. బందరు అద్దకపువారు చిరివేరు ఎరుపు బట్టకు శాశ్వతంగా పట్టుకొనడానికి వాడినది ఆ పటికనే. పటికలోని అల్యూమినియమే ఆ రంగును దారానికి కట్టివేస్తుంది. డ్యూరర్ నాడు రాగిరేకు చేసిన పనిని మన కాలంలో ఆఫ్‌సెట్ ముద్రణాలయాలలో అల్యూమినియం రేకు చేస్తున్నది. మన పిల్లలు చూచి వ్రాసే ఒరవడి పుస్తకాలు కూడ ఆ రేకులమీదనే అచ్చవుతున్నాయి. ఈ ఊరి మట్టికి, ఒరవడికి ఇంతటి చుట్టరికం ఉన్నది.

నేడు బొమ్మకు నకలు తీయడానికి చేయి అవసరం లేదు. యంత్రం క్షణంలో వందప్రతులు ఇస్తుంది. ఐతే అట్లా తీసిన నకలు కాగితానికి చేరుతుంది గాని చేతికి చేరదు. డ్యూరర్ మాంటెన్యా గీతను దిద్దినప్పుడు ఆ గీత ఆయన చేతిలోనికి వచ్చినది. అబుల్ హసన్ యోహాను దుఃఖాన్ని చిత్రించినప్పుడు ఆ దుఃఖం ఆయన కుంచెకు తెలిసివచ్చినది. అందువల్లనే చూచివ్రాత పుస్తకాన్ని పనికిరాని శ్రమగా తలచడం తగదు. దానిని దిద్దకుండా వదలడం అంతకంటె తగదు. ఒరవడి ఇవ్వడం, తప్పు దిద్దడం, చేయి స్థిరపడిన నాడు పక్కకు తప్పుకొనడం అనే మూడు పనులు గురువువి. నిష్ఠగా దిద్దడం, పరుల పేరును తనదిగా చెప్పుకొనకుండడం, చివరకు తన పేరు తాను నిలుపుకొనడం అనే మూడు పనులు శిష్యునివి.

పదమూడవ యేట చేసినదని వ్రాసికొన్న ఆ బాలుని గర్వంలో దోషమేమీ లేదు. బొమ్మ డ్యూరరుది, చేయి తనది. మన పిల్లల చూచివ్రాత పుస్తకాలమీద కూడ పేరు, తరగతి, తేదీ వ్రాసే చోటు ఒకటి ఉంటుంది. ఆ చోటును ఖాళీగా వదలనీయకుండడం పెద్దల కర్తవ్యం.